ప్లేటు ఖాళీగా ఉంటే ఉప్పు కయ్యలో ఏమీ లేనట్టేనా?

అమ్మా, మీ ప్రశ్న రెండుసార్లు చదివాను. తర్వాత చదివేవాళ్ళకు కూడా అర్థమయ్యేలా ముందు దాన్ని నా మాటల్లో చెబుతాను. మీరు ఒంగోలులో ఎమ్మెస్సీ మైక్రోబయాలజీ చివరి సంవత్సరం. ప్రాజెక్టు కోసం మూడు చోట్ల శాంపిల్ తీశారు: కనుపర్తి వైపు ఉప్పు కయ్య, దానికి దగ్గర్లోనే ఒక రొయ్యల గుంట, మీ నాన్నగారి వరి చేను. మూడింటినీ 0.85 శాతం సెలైన్‌లో పలచన చేసి, న్యూట్రియెంట్ అగార్ (సూక్ష్మజీవుల్ని పెంచే జెల్లీ లాంటి తిండి) ప్లేట్ల మీద పరిచి, 37 డిగ్రీల దగ్గర ఒక రోజు ఉంచారు. ఉప్పు కయ్య నీళ్ళకు ఒక్క కాలనీ (సూక్ష్మజీవి పెరిగి కంటికి కనిపించే చుక్క) కూడా రాలేదు. గుంట నీళ్ళకు 31 వచ్చాయి. వరి మట్టికి లెక్కపెట్టలేనన్ని వచ్చాయి. "ఉప్పు కయ్యలో సూక్ష్మజీవులు లేవు, గుంటలో తక్కువ, వరి చేలో ఎక్కువ" అని రాసెయ్యొచ్చా అని అడిగారు. గైడ్ మళ్ళీ చెయ్యమన్నారు, రెండు నెలలే ఉన్నాయి, టెన్షన్‌గా ఉంది అన్నారు.

రాయకూడదు. మీ గైడ్ చెప్పింది నూటికి నూరు పాళ్ళు సరైన మాట. మీరు పని తప్పుగా చేశారని కాదు, ప్లేట్లు శుభ్రంగానే వేశారు. కానీ ఆ ప్లేట్లు "ఈ తిండి, ఈ ఉప్పు, ఈ వేడి, ఈ ఒక్క రోజు ఎవరికి సరిపోయింది" అన్న ప్రశ్నకే జవాబు చెప్పాయి. మీరు దాన్ని "అక్కడ ఎవరున్నారు" అన్న ప్రశ్నకు జవాబుగా చదివారు. ఈ రెండూ వేరు వేరు ప్రశ్నలు. నెల్లూరులో ఆక్వా ల్యాబ్ నడిపిన ఇన్నేళ్ళలో నేను ఎక్కువగా చూసిన పొరపాటు ఇదే. నేనూ చేశాను, అది కింద చెబుతాను.

ముందు ఉప్పు కయ్య సంగతి. మీ ప్లేటు ఖాళీగా రావడానికి అసలు కారణం అగార్ కంటే ముందే జరిగిపోయింది. ఉప్పు గడ్డకట్టే కయ్యలో లీటరు నీటికి 250 నుంచి 300 గ్రాముల దాకా ఉప్పు ఉంటుంది. అక్కడ బతికే ఎర్రటి ఆర్కియాకు (బ్యాక్టీరియాలా కనిపించినా వేరే వర్గానికి చెందిన ఏకకణ జీవులు), అంటే హాలోబ్యాక్టీరియమ్ లాంటివాటికి, లోపల కూడా అంతే గాఢంగా పొటాషియం లవణం నిండి ఉంటుంది. వాటి ప్రొటీన్లే ఆ ఉప్పుకు అలవాటు పడి తయారయ్యాయి. పైనున్న గోడ కూడా ఉప్పు ఉంటేనే నిలబడుతుంది. అలాంటి కణాన్ని తీసుకెళ్ళి లీటరుకు ఎనిమిదిన్నర గ్రాముల ఉప్పున్న సెలైన్‌లో వేస్తే నీళ్ళు ఒక్కసారిగా లోపలికి దూసుకెళ్ళి కణం పగిలిపోతుంది. మీరు పలచన చేసిన మొదటి గొట్టంలోనే అవి చచ్చిపోయాయి. ఆ తర్వాత న్యూట్రియెంట్ అగార్ మీద వేశారు. అందులో ఉప్పు లీటరుకు 5 గ్రాములు, అంటే కయ్యలో ఉన్నదానికి యాభయ్యో వంతు. ఒకవేళ ఒకటీ అరా బతికి ఉన్నా ఒక్క రోజులో కనిపించవు. వాటికి వారం, రెండు వారాలు, కొన్నిటికి అంతకంటే ఎక్కువ పడుతుంది.

దీన్ని మీ కళ్ళతో చూడాలంటే చిన్న పని చెయ్యండి. రంగు తిరిగిన కయ్య నీళ్ళు ఒక చుక్క స్లైడు మీద వేసి, కవర్ స్లిప్ పెట్టి, 400 రెట్లలో చూడండి. కడ్డీల్లాంటివి, సన్నటి రేకుల్లాంటివి కదులుతుంటాయి. ఇప్పుడు కవర్ స్లిప్ అంచున ఒక చుక్క డిస్టిల్డ్ వాటర్ పెట్టి, అవతలి అంచున ఫిల్టర్ పేపర్ ముక్కతో లాగండి. కణాలు ఉబ్బి, గుండ్రమై, చూస్తుండగానే మాయమవుతాయి. ఈ స్లైడు ఫొటో మీ థీసిస్‌లో పెడితే మొదటి ప్లేటు ఎందుకు ఖాళీగా వచ్చిందో ఎవరికీ వివరించి చెప్పనక్కర్లేదు.

గడ్డకట్టే కయ్యల్లో ఒక్క మిల్లీలీటరుకు కోటి నుంచి పది కోట్ల దాకా కణాలు ఉంటాయని ప్రపంచమంతా లెక్కలున్నాయి. మామూలు సముద్రపు నీటిలో ఉండేది మిల్లీలీటరుకు పది లక్షల లెక్కలో. మీరు "లేవు" అని రాయబోయిన చోట సముద్రం కంటే పది, నూరు రెట్లు ఎక్కువ ఉన్నాయన్నమాట. కయ్య ఎర్రగా, గులాబీగా మారేది వాటి వల్లే. వాటి ఒంట్లో బ్యాక్టీరియోరుబెరిన్ అనే ఎర్ర రంగు పదార్థం ఉంటుంది, అది ఎండ దెబ్బ నుంచి కాపాడుతుంది. ఆ రంగుకే నీరు ఎండను ఎక్కువ పీల్చుకుని త్వరగా ఇగిరిపోతుంది. కయ్య ఎర్రబడితే ఉప్పు దిగే రోజు దగ్గరపడిందని అక్కడ పనిచేసేవాళ్ళకు బాగా తెలుసు. ఈసారి వెళ్ళినప్పుడు గట్టు మీద నిలబడి శాంపిల్ తీసుకుని వచ్చెయ్యకుండా వాళ్ళతో మాట్లాడండి. ఏ కయ్యకు ఎప్పుడు నీళ్ళు మళ్ళించారు, ఏ రోజు రంగు తిరిగింది, వాన ఎప్పుడు పడింది, అన్నీ చెబుతారు. ఆ వివరాలు మీ నోటుబుక్కులో లేకపోతే మీ శాంపిల్‌కు విలువ సగం పోతుంది.

వాళ్ళ దగ్గర నీళ్ళలో వదిలి ఉప్పు గాఢతను డిగ్రీల్లో చూసే గాజు మీటరు ఉంటుంది, ఇవి వేడి డిగ్రీలు కావు, బోమే డిగ్రీలు. సముద్రపు నీరు మూడున్నర డిగ్రీల దగ్గర ఉంటుంది. ఎండకు ఇగిరేకొద్దీ పెరుగుతుంది. మధ్యలో జిప్సమ్ అడుగున పడుతుంది, ఇరవై ఐదు దాటాక ఉప్పు పడటం మొదలవుతుంది. ముప్ఫై దగ్గరికి వచ్చేసరికి మిగిలేది మెగ్నీషియం ఎక్కువైన చేదు నీళ్ళు, వాటిని వదిలేస్తారు. ఒకే కొఠారులో, అంటే ఉప్పు పండించే చోట, నాలుగు అడుగుల గట్టుకు అటూ ఇటూ, రెండు వేర్వేరు లోకాలు ఉంటాయి. మొదటి కయ్యల్లో మామూలు సముద్రపు బ్యాక్టీరియా, పాచి, చిన్న చేపలు. మధ్య కయ్యల్లో అడుగున చాపలా పేరుకునే నీలి ఆకుపచ్చ నాచు. ఇంకా ముదిరిన కయ్యల్లో డునాలియెల్లా సాలినా అనే నాచు. ఆర్కియా లోపల ఉప్పు నింపుకుంటే, ఇది మాత్రం ఉప్పును లోపలికి రానివ్వదు. దానికి బదులు గ్లిజరాల్ తయారు చేసుకుని లోపల నింపుకుంటుంది, ఎండ ఎక్కువైతే బీటా కెరోటిన్ పోగుచేసుకుని నారింజ రంగుకు మారుతుంది. ఆ గ్లిజరాల్ కొంత బయటికి కారితే ఆర్కియాకు అదే తిండి. మీరు "ఉప్పు కయ్య" అని ఒకే శాంపిల్ తెచ్చారు. ఏ కయ్యది? ఎన్ని డిగ్రీలది? ప్రాజెక్టు మొత్తం ఈ ఒక్క కొఠారు మీద చేసినా సరిపోయేంత సరుకు అక్కడుంది. నిజానికి నా సలహా అదే, దాని గురించి మళ్ళీ చెబుతాను.

ఈ జీవుల్ని మన తీరంలో అందరూ చూసే ఉంటారు, పేరు తెలియకపోవచ్చు. ఉప్పు పట్టించిన ఎండు చేపలు ముసురు రోజుల్లో గులాబీగా, జిగటగా మారడం మీ ఇంట్లోనూ చూసి ఉంటారు. ఆ ఎరుపు చేపది కాదు, ఉప్పుది. ఎండలో పండిన కల్లుప్పు గడ్డలో చిన్న చిన్న నీటి బుడగలు చిక్కుకుని ఉంటాయి, వాటిలో ఈ ఆర్కియా చాలాకాలం బతికే ఉంటాయి. అందుకే వానాకాలం వచ్చి కయ్యలు మునిగిపోయినా భయపడకండి. కొఠారులో కుప్ప పోసిన, కడగని కల్లుప్పు ఒక గుప్పెడు తెచ్చి ఉప్పు మీడియంలో (సూక్ష్మజీవుల్ని పెంచే పోషక ద్రావణంలో) కరిగించి వెలుతురులో పెట్టినా రెండు మూడు వారాల్లో సీసా ఎర్రబడే అవకాశం బాగా ఉంది.

ఇక పెంచే పద్ధతి. 1960లో సెహగల్, గిబ్బన్స్ ఇచ్చిన మీడియం ఇప్పటికీ పనిచేస్తుంది. లీటరుకు కాసమినో ఆమ్లాలు 7.5 గ్రాములు, ఈస్ట్ ఎక్స్‌ట్రాక్ట్ 10, ట్రైసోడియం సిట్రేట్ 3, పొటాషియం క్లోరైడ్ 2, మెగ్నీషియం సల్ఫేట్ 20, ఉప్పు 250, చిటికెడు ఇనుప లవణం. పీహెచ్ 7.4 దగ్గర ఉంచండి. అగార్ 2 శాతం వేయండి. ఇంత ఉప్పులో అగార్ కరగడానికి చాలాసేపు పడుతుంది, ఓపిగ్గా కలపాలి. కాసమినో ఆమ్లాలు దొరక్కపోతే చేతికందిన పెప్టోన్ వేసెయ్యకండి. కొన్ని పెప్టోన్లలో పైత్య లవణాల అవశేషాలు ఉంటాయి, అవి ఈ కణాల్ని చంపేస్తాయి. ఇది తెలియక ఎంతోమంది నెలలు పోగొట్టుకున్నారు. పలచన చేసే ద్రావణంలో కూడా 25 శాతం ఉప్పు, కొంచెం మెగ్నీషియం ఉండాలి, ఇది అన్నిటికంటే ముఖ్యం. ప్లేట్లను ప్లాస్టిక్ సంచిలో బిగించి కట్టండి, లేకపోతే ఆరిపోయి ఉప్పు గళ్ళు కట్టి, కాలనీ ఏదో గళ్ళు ఏదో తెలియదు. 37 నుంచి 40 డిగ్రీల దగ్గర మూడు వారాలు ఓపిక పట్టండి. గ్రామ్ స్టెయిన్ (కణాలకు రంగు పట్టించి రకం చూసే పరీక్ష) చేసేటప్పుడు మామూలుగా మంట మీద ఆరబెట్టి నీళ్ళతో కడిగితే స్లైడు మీద ఏమీ మిగలదు. ముందు 2 శాతం ఎసిటిక్ ఆమ్లంతో స్థిరపరచాలి, 1955లో డుస్సో చెప్పిన పద్ధతి అది.

ఇంత చేసినా మీ ప్లేటు మీదికి రానివి చాలా ఉంటాయి, వాటిలో ఒకదాని కథ చెప్పాలి. 1980లో ఆంథొనీ వాల్స్‌బీ అనే బ్రిటిష్ శాస్త్రవేత్త సినాయ్ తీరంలో ఉప్పు మడుగు నీళ్ళను మైక్రోస్కోపు కింద పెట్టి చతురస్రాకార కణాల్ని చూశాడు. మార్కాపురం పలకలా నాలుగు మూలలూ నిటారుగా, మందం మైక్రాన్‌లో ఐదో వంతు కూడా లేనంత పల్చగా. చాలా ఉప్పు కయ్యల్లో అందరికంటే ఎక్కువగా ఉండేది ఇదేనని తర్వాత తేలింది. కానీ ఎవరు ప్లేటు వేసినా పెరిగేది కాదు. ఇరవై నాలుగేళ్ళ తర్వాత, 2004లో, రెండు బృందాలు వేర్వేరుగా దాన్ని పెంచగలిగాయి. పోషకాలు బాగా తగ్గించి, వారాల తరబడి కదపకుండా ఎదురుచూడటం అందులో పెద్ద భాగం. దానికి హాలోక్వాడ్రాటమ్ వాల్స్‌బీయై అని ఆయన పేరే పెట్టారు. ఇరవై నాలుగేళ్ళు అది అక్కడే, అందరి కళ్ళ ముందే ఉంది.

సముద్రంలోనూ ఇదే జరిగింది. 1990లో సర్గాసో సముద్రపు నీటిలోని జన్యువుల్ని చదివినప్పుడు సార్11 అనే గుంపు బయటపడింది. ఎక్కడ చూసినా అదే, కానీ పెంచినవాళ్ళు లేరు. 2002లో దాన్ని పెంచినవాళ్ళు అగార్ వాడలేదు, ఈస్ట్ ఎక్స్‌ట్రాక్ట్ వాడలేదు. వడకట్టిన అదే సముద్రపు నీటిని మీడియంగా పెట్టి, పరీక్ష పళ్ళెంలోని ఒక్కో చిన్న గుంతలో కొద్ది కణాలే ఉండేంత పలచన చేశారు. మన న్యూట్రియెంట్ అగార్ దానికి పెళ్ళి భోజనం లాంటిది, అది అరిగించుకోలేదు. మైక్రోస్కోపు కింద లెక్కపెట్టిన కణాలకూ ప్లేటు మీద వచ్చిన కాలనీలకూ ఉన్న ఈ తేడాకు 1985లో స్టేలీ, కొనోప్కా "గ్రేట్ ప్లేట్ కౌంట్ అనామలీ" అని పేరు పెట్టారు, మీరు పాఠంలో చదివే ఉంటారు. చాలా పరిసరాల్లో ప్లేటు మీదికి వచ్చేది నూటికి ఒకటి కూడా ఉండదు. పాఠంలో చదవడం వేరు, మన సొంత ప్లేటు ఖాళీగా వచ్చిన రోజు అది గుర్తుకు రావడం వేరు.

నాకు గుర్తుకు రాని రోజు గురించి చెబుతాను. ల్యాబ్ పెట్టిన కొత్తలో ఒక రైతు గుంట నీళ్ళు తెచ్చాడు. రొయ్యలు మేతకు రావడం లేదు, గట్టు పక్కకు చేరుతున్నాయి అన్నాడు. నేను ప్లేట్లు వేశాను. రొయ్యలకు జబ్బు చెయ్యగల విబ్రియో అనే బ్యాక్టీరియా చాలా తక్కువ వచ్చింది. "నీళ్ళు శుభ్రంగా ఉన్నాయి, సూక్ష్మజీవుల సమస్య లేదు" అని రాసి సంతకం పెట్టి ఇచ్చాను. ఆరో రోజుకు గుంట మొత్తం పోయింది. తెల్ల మచ్చ. అది వైరస్, బతికున్న రొయ్య, పీత లాంటి జీవుల కణాల్లో తప్ప పెరగదు, ప్రపంచంలో ఏ అగార్ మీదా కాలనీ కట్టదు. 1994లో నెల్లూరు గుంటల్ని ఊడ్చిపెట్టింది ఆ జబ్బే, నాకు తెలియని సంగతి కాదు. అయినా ప్లేటు శుభ్రంగా కనిపించేసరికి నా కలం "లేదు" అని రాసేసింది. ముందే తెలిసి ఉంటే పక్క గుంటకు నీళ్ళు మళ్ళకుండా ఆపుకునేవాణ్ణి సార్ అని ఆయన అన్న మాట ఇప్పటికీ నాకు గుచ్చుకుంటుంది. అప్పటి నుంచి మా రిపోర్టుల్లో "లేదు" అన్న మాట తీసేశాను. "ఈ మీడియం మీద, ఇన్ని గంటల్లో, కనిపించలేదు" అనే రాస్తాం. ఈహెచ్‌పీ కూడా అంతే. కణం లోపల దాక్కునే పరాన్నజీవి, రొయ్యను చంపకుండా ఎదుగుదల ఆపేస్తుంది, పంటలో సైజులు ఎక్కువ తక్కువలుగా వస్తాయి. జన్యువుల్ని పట్టే పీసీఆర్ లాంటి పరీక్ష చేస్తే తప్ప తెలియదు.

మీ గుంట నీళ్ళ 31 కాలనీల దగ్గరికి వద్దాం. ఉప్పు తక్కువున్న అగార్ మీద సముద్రపు బ్యాక్టీరియాలో చాలా భాగం సరిగ్గా పెరగవు, వాటికి తగినంత సోడియం కావాలి. జోబెల్ మెరైన్ అగార్ వాడండి. లేదా అదే గుంట నీళ్ళను వడకట్టి ఆటోక్లేవ్ చేసి (ఒత్తిడి ఆవిరితో సూక్ష్మజీవుల్ని చంపి), కొద్దిగా పెప్టోన్, ఈస్ట్ ఎక్స్‌ట్రాక్ట్ కలిపి అగార్ చేసుకోండి. ఖర్చు తక్కువ, ఆ గుంట ఉప్పు శాతం దానికదే వచ్చేస్తుంది. శాంపిల్ ఎన్ని గంటలకు తీశారో మీరు రాయలేదు. తెల్లవారుజామున గుంటలో ఆక్సిజన్ అడుగంటుతుంది, మధ్యాహ్నం పాచి ఎండలో పనిచేసి ఆక్సిజన్, పీహెచ్ రెండూ పైకి వెళతాయి. ఉదయం ఆరింటి నీళ్ళు, మధ్యాహ్నం రెండింటి నీళ్ళు ఒకటి కావు. సీసాలో పోసిన తర్వాత కూడా నీళ్ళు మారిపోతూనే ఉంటాయి. నీటిని చిన్న సీసాలో బంధిస్తే గోడలకు అంటుకుని బ్యాక్టీరియా పెరుగుతాయని జోబెల్, ఆండర్సన్ 1936లోనే చూపించారు. మా దగ్గరికి రైతులు తాగిన మినరల్ వాటర్ బాటిల్‌లో నీళ్ళు పట్టుకుని, మోటార్‌సైకిల్‌కు తగిలించి, ఎండలో రెండు గంటలు ప్రయాణం చేసి వచ్చేవాళ్ళు. ఆ లెక్కను నమ్మి మందు చల్లితే డబ్బు నీళ్ళలో పోసినట్టే. థర్మోకోల్ పెట్టెలో ఐసు, స్టెరైల్ సీసా, మూడు నాలుగు గంటల లోపల ప్లేటు. ఇంతకు మించిన ఉపాయం లేదు. ఒక్క జాగ్రత్త, విబ్రియోకు మరీ చల్లదనం పడదు. సీసా ఐసుకు నేరుగా తగలకుండా మధ్యలో గుడ్డ చుట్టండి.

విబ్రియో కోసం టీసీబీఎస్ అనే ప్రత్యేక మీడియం వాడతారు. దాన్ని ఆటోక్లేవ్ చెయ్యకూడదు, మరిగిస్తే చాలు. చక్కెరను వాడుకునేవి పసుపు కాలనీలు, వాడుకోలేనివి ఆకుపచ్చ. మన గుంటల దగ్గర "గ్రీన్ వచ్చింది" అంటే చాలు, రైతు మొహం మాడిపోతుంది. దీని మీద నాకు గట్టి అభిప్రాయం ఉంది. ఆకుపచ్చ అంటే జబ్బు కాదు. విబ్రియో పారాహీమోలిటికస్ అనే జాతి ఆకుపచ్చే, కానీ అందులో జబ్బు చేసేది కొన్ని రకాలే. రొయ్య పిల్లల్ని త్వరగా చంపే హెపటోపాంక్రియాస్ (జీర్ణగ్రంథి) జబ్బుకు కారణం ఆ బ్యాక్టీరియా మోసే ఒక ప్లాస్మిడ్ (విడిగా ఉండే చిన్న డీఎన్ఏ వలయం), దాని మీదున్న రెండు విష జన్యువులు. అరిజోనాలో లైట్‌నర్ బృందం 2013లో దాని మూలం విబ్రియో అని తేల్చింది. ప్లాస్మిడ్ ఉన్నదీ లేనిదీ ప్లేటు మీద ఒకే ఆకుపచ్చ. రంగు చూసి మందులు అమ్మేవాళ్ళను మీ జీవితంలో చాలామందిని చూస్తారు. మీరు మాత్రం థీసిస్‌లో "ఆకుపచ్చ కాలనీలు ఇన్ని" అని రాసి అక్కడే ఆగండి.

రాత్రిపూట గుంట మెరుస్తోందని, అది విబ్రియోనేనా అని చివర్లో అడిగారు. మైపాడు ఒడ్డున అల విరిగినప్పుడు నీలంగా మెరిసి ఆరిపోయేది ఎక్కువగా నాక్టిల్యూకా అనే ఏకకణ జీవి, అది బ్యాక్టీరియా కాదు, కదిలిస్తేనే మెరుస్తుంది. విబ్రియో హార్వేయీ లాంటి బ్యాక్టీరియా అయితే కదపకపోయినా నిలకడగా వెలుగుతుంది, అదీ గుంపు బాగా పెరిగాకే. పలచగా ఉన్నప్పుడు ఈ బ్యాక్టీరియా వెలగవని, తమ గుంపు ఎంతుందో రసాయన సంకేతాలతో తెలుసుకుంటాయని నీల్సన్, ప్లాట్, హేస్టింగ్స్ 1970లో ఒక సముద్రపు విబ్రియోలో చూపించారు. ఒక గ్లాసులో నీళ్ళు తీసుకుని చీకటి గదిలో కదపకుండా పెట్టండి, పది నిమిషాలు కళ్ళు చీకటికి అలవాటు పడనివ్వండి. ఊరికే వెలుగుతోందా, కదిపితేనే వెలుగుతోందా చూసి చెప్పండి.

వరి మట్టి గురించి ఎక్కువ చెప్పను. "లెక్కపెట్టలేనన్ని" అంటే సరిపడా పలచన చెయ్యలేదని అర్థం. గ్రాము మట్టిలో వంద కోట్ల దాకా ఉండొచ్చు కాబట్టి లక్షో వంతు, పది లక్షలో వంతు దాకా వెళ్ళి, ప్లేటుకు 30 నుంచి 300 మధ్య వచ్చినదాన్నే లెక్కపెట్టండి. నీళ్ళు నిలిచిన వరి కయ్యలో పైన కొద్ది మిల్లీమీటర్ల మట్టికే గాలి అందుతుంది. కింద నల్ల బురదలో గాలి తగిలితే చచ్చేవి ఉంటాయి, మీథేన్ చేసేవి అక్కడే. మీ ఇంక్యుబేటర్‌లో వాటికి చోటు లేదు. పైన నీళ్ళలో తేలే నీలి ఆకుపచ్చ నాచు గాలిలోని నత్రజనిని పట్టి పైరుకు ఇస్తుందని పి.కె. డే అనే మన దేశపు శాస్త్రవేత్త 1939లోనే చూపించారు. ఎరువు పెద్దగా వెయ్యకుండా తరతరాలు వరి పండటంలో దీనికీ భాగం ఉంది. మట్టిని మాత్రం తక్కువగా చూడకండి. మన యల్లాప్రగడ సుబ్బారావుగారు పరిశోధనకు నాయకత్వం వహించిన ల్యాబ్‌లోనే డగ్గర్ 1940ల్లో ఆరియోమైసిన్ అనే యాంటీబయాటిక్‌ను కనుక్కున్నారు. ఆ మందు ఇచ్చిన స్ట్రెప్టోమైసిస్ అనే బ్యాక్టీరియా మిస్సోరీలోని ఒక పొలం మట్టి నుంచే వచ్చింది.

ఇప్పుడు మీ రెండు నెలలు. మూడు చోట్లను పోల్చే ఆలోచన మానెయ్యమంటాను. మూడు రకాల మీడియం, మూడు రకాల ఉప్పు, మూడు రకాల సమయం. వాటిని ఒకే పట్టికలో పెడితే పోలిక నిలబడదు. కొఠారు ఒక్కటే తీసుకోండి. తక్కువ డిగ్రీల కయ్య ఒకటి, పదిహేను డిగ్రీల దగ్గరిది ఒకటి, ఇరవై ఐదు దాటినది ఒకటి. ప్రతిదానికీ ఉప్పు శాతం 3, 10, 15, 25 ఉన్న నాలుగు రకాల ప్లేట్లు వెయ్యండి, పలచన కూడా ఆయా కయ్య ఉప్పుతోనే. ఒక్కో శాంపిల్ మైక్రోస్కోపు లెక్క కూడా పక్కనే రాయండి. డచ్చి శాస్త్రవేత్త బాస్ బెకింగ్ 1934లో, అన్నీ అన్నిచోట్లా ఉంటాయి కానీ పరిసరాలే ఎంచుకుంటాయి అన్నాడు. ఆయన ఎక్కువగా పనిచేసింది ఉప్పు నీళ్ళ మీదే. మొదటి సగం మాట మీద తర్వాతివాళ్ళు చాలా వాదించారు. రెండో సగం మీ పన్నెండు ప్లేట్లలో మీ కళ్ళకే కనిపిస్తుంది, 3 శాతం ప్లేట్ల మీద పెరిగినవి కయ్య ముదిరేకొద్దీ తగ్గుతాయి, 25 శాతం ప్లేట్ల మీద ఎరుపు పెరుగుతుంది. మొదటి వారంలో ప్లేట్లు వేస్తే నాలుగో వారానికి లెక్కలు చేతికొస్తాయి, తర్వాత నెల రాసుకోవడానికి.

వీలైతే ఎర్ర కాలనీ ఒకటి రెండు శుద్ధి చేసి జీవిని గుర్తుపట్టడానికి వాడే 16ఎస్ జన్యువు చదివించండి. ఆర్కియా ప్రైమర్లు (ఆ జన్యువును పట్టుకునే చిన్న డీఎన్ఏ ముక్కలు) అడగండి, బ్యాక్టీరియా ప్రైమర్లతో చేస్తే మళ్ళీ "ఏమీ రాలేదు" అంటారు. అయితే ఎర్రగా ఉన్నవన్నీ ఆర్కియా అనుకోవద్దు. సాలినిబాక్టర్ రూబర్ అనే బ్యాక్టీరియా అంతే ఎర్రగా, అంతే ఉప్పులో బతుకుతుంది, దానికి 2002లో పేరు పెట్టారు. అందుకే రంగును బట్టి పేరు రాయకండి.

మొదటి ఖాళీ ప్లేటును మాత్రం పారెయ్యకండి. దాని ఫొటో, కొత్త 25 శాతం ప్లేటు ఫొటో పక్కపక్కన పెట్టి, కింద రెండు పద్ధతులూ రాయండి. మీ థీసిస్‌లో బలమైన పేజీ అదే అవుతుంది, వైవాలో ఎక్కువసేపు మాట్లాడించేదీ అదే.

జాగ్రత్తలు రెండు. టీసీబీఎస్ ప్లేట్లను ఆటోక్లేవ్ చెయ్యకుండా చెత్తలో వెయ్యకండి, చేతికి గాటు ఉన్న రోజు గుంటలో చెయ్యి పెట్టకండి. కొఠారులో గట్ల మీదే నడవండి, గడ్డకడుతున్న కయ్యలో కాలు పెడితే వాళ్ళ పది రోజుల కష్టం మురికవుతుంది. కొఠారు వాళ్ళను ముందే అడిగి వెళ్ళండి, డిగ్రీ మీటరు కూడా వాళ్ళే చూపిస్తారు. ప్రతి సీసా మీద కయ్య, డిగ్రీ, గంట, నీటి వేడి, రంగు రాయండి. మూడో వారం ప్లేట్ల ఫొటోలు ఇక్కడే పెట్టండి, వెనక తెల్ల కాగితం పెట్టి పగటి వెలుతురులో తీయండి. ఏ కాలనీని ముందు శుద్ధి చెయ్యాలో చూసి చెబుతాను.